నసీమ్ స్కూటరుకు ఏ నీళ్లు పోయాలి

ఏప్రిల్ 28

విత్తనాల దుకాణంలో ఇచ్చిన డైరీని పోచన్న నాకిచ్చి పోయాడు. వరి పండించేవాడికి రాసుకోవడానికి ఏముంటుంది అన్నాడు. మెకానిక్‌కు మాత్రం ఏముంటుంది. కానీ ఇవాళ ఎవరితోనైనా పోట్లాడాలని ఉంది. ఇంట్లో పోట్లాడదగిన ఒక్క మనిషీ వాకిట్లో కూర్చుని స్కూటర్ తుడుచుకుంటోంది. ఉర్దూ చదువుతాను, ఆఫీసుల్లో మరాఠీతో పని నడిపిస్తాను. కోపం మాత్రం నాకు తెలుగులోనే వస్తుంది.

నా భార్య నసీమ్ స్కూటర్ కొన్నది. నన్ను అడగలేదు. చెప్పింది. అడగడం వేరు, చెప్పడం వేరు. ఇరవై రెండేళ్లు ఇంట్లో కుట్టు మిషన్ తొక్కి కూడబెట్టుకున్నది, ఆమె ఇష్టం. చంద్రపూర్‌లో ఎవరో వాడి వదిలేసిన బండి. చిన్న బండే కానీ దానికి రేడియేటర్ ఉంది. సిరొంచ బస్టాండు పక్కన ముప్పై ఏళ్ల నుంచి షాపు నడుపుతున్నాను. గాలికి చల్లబడే స్కూటర్లే చూశాను. నీళ్లు తాగే స్కూటర్ నా చేతికి రావడం ఇదే మొదలు, అదీ నా ఇంట్లోంచే.

జూన్ పదహారు నుంచి ఆమె పాతగూడెంలో బచత్ గట్, అంటే పొదుపు సంఘం, ఆడవాళ్లకు కుట్టు నేర్పాలట. ఆరు నెలలు, వారానికి నాలుగు రోజులు. పొద్దున పోవాలి, సాయంత్రం రావాలి. మొదటి రోజే రాలేకపోతే ఆ పని ఇంకొకరికి ఇస్తామని ముందే చెప్పారట. బస్సు వేళలు కుదరవు కాబట్టి స్కూటర్.

నాకేం అభ్యంతరం లేదు. అందరికీ అదే చెప్పాను.

ఏప్రిల్ 30

రేడియేటర్ మూత తీశాను. లోపల కూలెంట్ అనే పదార్థం లేదు. గుంటలో నిలిచిన నీళ్లలాగా ఏదో ఉంది. ముందటి మహానుభావుడు బోరు నీళ్లు పోసి నడిపాడు. ఆ నీళ్లలో ఉన్న సున్నమంతా లోపల పేరుకుంది. చాయ్ గిన్నె అడుగు ఎలా ఉంటుందో అలా.

“ఈ ఎండకు ఈ బండి పాతగూడెం చేరదు” అని చెప్పాను.

“చేరేటట్టు చెయ్యి మరి. మెకానిక్‌వు నువ్వే గద” అంది.

మే 3

ఆ బండికి కంపెనీ చెప్పిన కూలెంట్ సిరొంచలో లేదు. అహేరికి ఫోన్ చేశాను. కార్లది ఉందట, స్కూటరుది ఎవరూ అడగరట. స్కూటరుకు కూలెంటా అని నవ్వాడు ఆ దుకాణం వాడు. నవ్వడానికి ఫోన్ ఎత్తాడేమో.

రోడ్డుకు అవతల కన్నయ్య షాపు ఉంది. పదేళ్ల కింద పెట్టాడు. గోడకు రంగు, లోపల గాలి మిషను, కూర్చోడానికి స్టూళ్లు. నేను అటు పోను, అతను ఇటు రాడు. ఇవాళ రోడ్డు అవతలి నుంచే అరిచాడు. “ఖలీం భాయ్, పరేషాన్ ఎందుకు. ట్రాక్టర్‌కు పోసే పచ్చ కూలెంట్ దొరుకుతది గద. అది సగం, బ్యాటరీ నీళ్లు సగం కలుపు. మంచిగ నడుస్తది.”

నేను అతన్ని అడగలేదు.

మే 6

లోపలంతా నిమ్మ ఉప్పు నీళ్లతో కడిగాను. నాలుగుసార్లు. ఐదోసారి నీళ్లు తేటగా వచ్చాయి. పచ్చ కూలెంట్ సగం, బ్యాటరీల్లో పోసే శుద్ధ నీళ్లు సగం పోశాను. కన్నయ్య చెప్పాడని కాదు, ఇంట్లో అదే ఉంది. మిట్ట మధ్యాహ్నం పాతగూడెం దారిలో ఆసరెల్లి దాకా పోయి వచ్చాను. ఎర్ర దీపం వెలగలేదు. ఇంజను మరీ వేడెక్కితే వెలిగే దీపం అది. ఇంజను మీద చేయి పెట్టి చూశాను. ఉండాల్సినంత వేడే ఉంది.

ఒక్కసారి నడిస్తే నడిచినట్టు కాదు. ఆడమనిషి ఒంటరిగా పోయే బండి. పూర్తిగా పరీక్షించాలి. నసీమ్‌కు ఇంకా ఏమీ చెప్పలేదు.

మే 9

జుమా నమాజు తర్వాత నలుగురు చేరారు. ఈ ఊళ్లో జబ్బుకు మందు చెప్పనివాడు, బండికి మరమ్మతు చెప్పనివాడు లేడు. ఒకరు ఏసీ కింద కారే నీళ్లు పట్టి పొయ్యమన్నారు. ఒకరు వాన నీళ్లు అన్నారు. మేలో. ఇంకొకాయన ఏమీ పొయ్యకు, తడిగుడ్డ చుట్టు అన్నాడు. ఆయనకు స్కూటర్ లేదు, ఉండదు.

రాత్రి మా అమ్మాయి సబా అహేరి నుంచి ఫోన్ చేసింది. అక్కడి కాలేజీలో చదువుతోంది. దానికీ చెప్పాను. అది ఫోన్‌లో వెతికి చెప్పింది, నీళ్లే కలపని కూలెంట్ ఉంటుందట. ఎంత ఎండకూ మరగదట, తుప్పు పట్టదట, జన్మకు ఒకసారి పోస్తే చాలట. అలాంటిది కదా కావాల్సింది.

“మరి ఇప్పుడు పోసింది ఏమైంది అబ్బా?” అని అడిగింది.

దానికి ఇంజన్ల సంగతి తెలియదు.

మే 11

నీళ్లు లేని కూలెంట్ మన పిన్ కోడ్‌కు పంపరట. ఇంద్రావతి మీద వంతెన వచ్చింది, గోదావరి మీద వంతెన వచ్చింది, ఒక సీసా మాత్రం రాదు. పోచన్న మంచిర్యాల పోతున్నాడు, అతనికి చెప్పాను.

నసీమ్ కాగితాలు కత్తిరించి జాకెట్టు కొలతలు గీస్తోంది. నేర్చుకునేవాళ్లకు చూపించడానికట. ఇల్లంతా కాగితం ముక్కలు. తనలో తానే ఏదో పాడుకుంటోంది. ఇన్నేళ్లలో ఆమె పాడుతుందని నాకు తెలియదు.

మే 15

సీసా వచ్చింది. దానిమీద రాసినదంతా సబాతో చదివించాను. లోపల నీటి చుక్క మిగలకూడదట. సగం రోజు బండిని ఎండబెట్టాను. మే 6న పోసినది మంచిగానే ఉంది, అయినా తీసేశాను. పరీక్ష అంటే పరీక్షే కదా.

కొత్తది ఆముదంలా చిక్కగా ఉంది. పోసి ఆసరెల్లి దారి పట్టాను. అది మరగలేదు, నిజమే. ఇంజను మాత్రం మరిగినంత పని అయింది. వేడిని పట్టుకుని వదలడంలో నీళ్లకు సాటి ఏదీ లేదు. ఈ చిక్కటిది తాను భద్రంగా ఉంటుంది, బండి ఏమైనా దానికి పట్టదు. పెద్ద పెద్ద బండ్లకు, పందేల బండ్లకు ఏమో గాని, అరలీటరు పట్టే చిన్న స్కూటరుకు ఇది దండగ.

ఇంటికి వచ్చి ఈ మాట చెబితే నసీమ్ అడిగింది. “అయితే ఏది మంచిదో తెలిసినట్టే గద?”

ఇంకా చూడాల్సినవి ఉన్నాయి అన్నాను.

“నెల రోజులే ఉన్నది, సబా అబ్బా. నాకు చెయ్యి తిరగాలె. బండి నాకియ్యి.”

ఇస్తాను అన్నాను.

మే 18

ఉత్త బ్యాటరీ నీళ్లు పోసి చూశాను. సున్నం పట్టదు, సరే. మధ్యాహ్నం రెండింటికి ఎర్ర దీపం ఒకసారి మిణుకుమంది. పైగా తుప్పుకు అడ్డం ఉండదు. పనికిరాదు.

వారానికి నాలుగు రోజులు మధ్యాహ్నం నా అన్నం సంగతి ఏమిటని అడిగాను. ఊరికే అడిగాను.

“రేడియేటర్ మూత తియ్య వస్తది. గిన్నె మీద మూత తియ్య రాదా?” అంది.

మే 19

నాకేం అభ్యంతరం లేదు.

మే 22

పోచన్న వచ్చి కూర్చున్నాడు. వాళ్ల పొలం ప్రాణహిత ఒడ్డున. “మా ఇంజన్‌కు ఇరవై ఏండ్ల సంది ప్రాణహిత నీళ్లే. ఏం కాలే” అన్నాడు. అతనిది పొలానికి నీళ్లు తోడే పాత ఇంజను. పైన నోరు తెరుచుకుని ఉంటుంది, పోసినవి ఆవిరైపోతే మళ్లీ పోస్తారు. దానికీ దీనికీ పోలికేమిటని అరగంట చెప్పాను. అంతా విని చాయ్ తాగి నెమ్మదిగా అన్నాడు.

“భాయ్, నువ్వు దాని మీద ఆసరెల్లికి పోయి వచ్చుడు నేను చూసిన. మొదలు పోసినప్పుడు బాగనే నడిచింది. ఇంక ఏం చూస్తున్నవ్?”

నీకు నాటు వేయడం తెలుసు, అది చూసుకో అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. పోచన్న గ్లాసు కడిగి పెట్టి పోయాడు.

మే 26

పచ్చ కూలెంట్, బ్యాటరీ నీళ్లు మళ్లీ సగం సగం పోశాను. తాత్కాలికంగా.

మే 29

నసీమ్ బండి అడిగింది. కింది పైపు దగ్గర తడి కనిపిస్తోంది, లీకు ఉన్నట్టుంది అన్నాను. వేలు పెట్టి చూసింది. వేలు పొడిగా ఉంది. ఈ ఎండకు వెంటనే ఆరిపోతుంది అన్నాను.

ఒక చుక్క కనిపించినట్టే ఉంది.

జూన్ 3

అహేరిలో మా ఉస్తాద్ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో జీపు రేడియేటర్ కారితే అతికించడానికి ఏమీ దొరికేది కాదు. ఉస్తాద్ గుప్పెడు పసుపు తీసి రేడియేటర్లో పోసేవాడు. కాసేపు ఇంజను తిప్పితే ఆ పసుపు ఉబ్బి, పోయి పోయి చిల్లిలో కూర్చునేది. అడవి దారుల్లో ఎన్ని జీపులు ఆ పసుపుతో ఇల్లు చేరాయో. ఈ కాలం వాళ్లకు చెబితే నవ్వుతారు.

నసీమ్ కొలతలు తీసుకోవడానికి పక్కింటికి పోయినప్పుడు వంటింట్లో డబ్బా లోంచి పసుపు తెచ్చాను. జీపుకు గుప్పెడు, దీనికి నాలుగు చెంచాలు. ఇప్పుడు లీకు లేదు, కానీ రావచ్చు. ముందు జాగ్రత్త.

జీపు రేడియేటర్ గొట్టాల్లో వేలు దూరుతుంది. దీని గొట్టాల్లో సూది దూరడమే కష్టం. అది నాకు తెలుసు. తెలిసే తక్కువ వేశాను.

జూన్ 7

బక్రీద్. సబా వచ్చింది. వచ్చినవాళ్లందరూ నసీమ్ పని గురించే అడిగారు. అమ్మీ ఇప్పుడు ఉస్తాద్ అయింది అని సబా అందరికీ చెప్పుకుంది. నాకేం అభ్యంతరం లేదని నేనూ అందరికీ చెప్పాను.

అంతా పోయాక సబా అడిగింది. “అబ్బా, ఎవ్వరు అడగకముందే ఎందుకు చెప్తున్నవ్?”

జూన్ 10

రాయాలని లేదు. కానీ ఈ ఒక్క చోట తప్ప ఇంకెక్కడా చెప్పుకోలేను.

పొద్దున తొమ్మిదింటికి నేను షాపు నుంచి ఇంటికి వచ్చేసరికి స్కూటర్ లేదు. పాతగూడెం దారి చూసి వస్తానని పక్కింట్లో చెప్పి పోయిందట. తొమ్మిదిన్నరకు ఫోన్ చేశాను, మోగలేదు. పదిన్నరకు చేశాను, పదకొండుకు చేశాను. ఆ దారిలో ఫోన్లు పలకవని నాకు తెలుసు. అయినా చేస్తూనే ఉన్నాను.

రెండింటికి ఒక ట్రాలీ ఆటో షాపు ముందు ఆగింది. వెనక స్కూటర్ తాడుతో కట్టి ఉంది. డ్రైవర్ పక్కన నసీమ్. ముఖం ఎర్రగా కంది, పెదవులు తెల్లగా పగిలి ఉన్నాయి. దిగబోయి నా భుజం పట్టుకుంది. ఇంట్లోకి తీసుకుపోయేలోపు రెండుసార్లు వాంతి చేసుకుంది. ఉప్పు చక్కెర నీళ్లు చెంచా చెంచా తాగించాను. సాయంత్రం దాకా ఒళ్లు పెనంలా కాలింది.

ఆసరెల్లి దాటాక ఎర్ర దీపం వెలిగిందట. ఆపేలోపే ఇంజను ఆగిపోయింది. రెండు గంటలు నిలబడింది. ఆకురాలిన టేకు చెట్లు, నీడ లేదు. తీసుకుపోయిన సీసాలో నీళ్లు సగం తాను తాగి సగం ఇంజను మీద పోసిందట, చల్లబడుతుందేమో అని.

ఈ సంగతులన్నీ ఆటో అతను చెప్పాడు. నేను చాలా భయపడ్డాను. ఇంత భయం నాకు నా తల్లి పోయిన రోజు కూడా లేదు.

జూన్ 11

పొద్దున లేచి చూస్తే వాకిట్లో స్కూటర్ ముందు కూర్చుని ఉంది. ముందున్న ప్లాస్టిక్ పలక విప్పేసింది. రేడియేటర్ మూత తీసి పక్కన పెట్టింది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే మూత తీయాలని నేను ఎప్పుడు చెప్పానో, గుర్తుంచుకుంది. లోపల వేలు పెట్టి తీసింది. వేలు పచ్చగా లేదు, పసుపుగా ఉంది. వాసన చూసింది.

“ఇది నా డబ్బల పసుపు” అంది.

ముల్చేర నుంచి కొమ్ములు తెప్పించి తానే దంచుకునే పసుపు. ఆమె పోల్చుకోకుండా ఎలా ఉంటుంది.

“లీకు ఏడున్నది? చూపెట్టు.”

ముందు జాగ్రత్తకు వేశానన్నాను.

“ముప్పై ఏండ్లల్ల లీకు లేని బండికి పసుపు ఏసినవా ఎన్నడన్న? ఒక్క బండి పేరు చెప్పు.”

అలాంటి బండి ఒక్కటీ లేదు.

“పోవద్దని ఒక్క మాట అనచ్చు గద.”

“నేను పోవద్దన్ననా? నాకేం అభ్యంతరం…”

“గదే. నువ్వు వద్దంటే నేను కొట్లాడుదు. గెలుద్దునో, ఓడుదునో. కొట్లాడేటందుకు గూడ నాకు సందు ఇయ్యలే నువ్వు. ఊరంత తిరిగి అభ్యంతరం లేదన్నవ్. తీస్కపోయి అడివిల నిలవెట్టినవ్.”

గొంతు పెంచలేదు. వేలు కొంగుకు తుడుచుకుని లోపలికి పోయింది. అన్నం వండింది, నాకు వడ్డించింది. నేను తిన్నాను. ఏం కూరో గుర్తు లేదు.

జూన్ 12

ఈ డైరీ మొదటి నుంచి చదివాను. మే 6న రాసి ఉంది. సగం సగం పోశాను, ఎర్ర దీపం వెలగలేదు. నా చేత్తో రాసుకున్నదే. అంటే ఏ నీళ్లు పోయాలో నాకు మే ఆరునే తెలుసు. తర్వాత నెల రోజులు నేను పరీక్షించింది స్కూటర్‌ను కాదు.

ఆమె పోతే అన్నం ఎవరు పెడతారనీ, దారి మంచిది కాదనీ, జనం ఏమంటారోననీ నాకు నేను చెప్పుకున్నాను. అవన్నీ ఉత్తవే. సిరొంచలో ఎవరైనా ఆమెను ఖలీం భాయ్ ఇంటామె అంటారు. పాతగూడెంలో నేనెవరో ఎవరికీ తెలియదు. అక్కడ ఆమె నసీమ్ టీచర్. ఎప్పుడైనా నేను పోతే నసీమ్ టీచర్ ఇంటాయన వచ్చిండు అంటారు. అదే నాకు మింగుడుపడలేదు. రాస్తుంటే సిగ్గుగా ఉంది. యాభై ఎనిమిదేళ్లు వచ్చి ఇంత చిన్నమనిషిని అయ్యానా అని నామీద నాకే రోత పుడుతోంది.

మాఫ్ చెయ్యమని అడిగాను. విన్నది. సరే అనలేదు, కాదనలేదు.

జూన్ 13

రేడియేటర్ కడిగి ఇస్తానన్నాను.

“బండి మీద చెయ్యి వెట్టకు” అంది.

జూన్ 14

పొద్దున పదింటికి, బస్టాండులో అహేరి బస్సు ఆగి ఉన్న వేళ, నసీమ్ ఇంటి నుంచి స్కూటర్‌ను నెట్టుకుంటూ వచ్చింది. నా షాపు ముందుకు రాగానే లేచి నిలబడ్డాను. నావైపు చూడలేదు. రోడ్డు దాటి కన్నయ్య షాపు ముందు స్టాండు వేసింది.

మెకానిక్ పెళ్లాం ఎదురు షాపుకు బండి తీసుకుపోవడం ఈ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. బస్సులో వాళ్లు కూడా కిటికీల్లోంచి చూశారు. పాన్ డబ్బా దగ్గరున్నవాళ్లు లేచి అటే నడిచారు. కన్నయ్యకు ఏం చేయాలో తోచలేదు. ఒకసారి ఆమెను చూశాడు, ఒకసారి రోడ్డు ఇవతల నన్ను చూశాడు.

“అక్కా, భాయ్ ఉన్నడు గద” అన్నాడు.

“నువ్వు చేస్తవా, ముల్చేరకు తీస్కపోవాల్నా?” అంది.

చేశాడు. రేడియేటర్ విప్పి బయటికి తీశాడు. దాన్ని ఒంపగానే పసుపు ముద్ద జారి పళ్లెంలో పడింది. అది ఏమిటో, ఎవరి చేతి పనో కన్నయ్యకు తెలియకపోదు. వాడూ అహేరిలో పని నేర్చుకున్నవాడే. చుట్టూ ఐదారుగురు ఉన్నారు. ఇదేందని ఒకరు అడిగితే, పాత మురికి అన్నాడు. గబగబా గోనె కప్పేశాడు. పదేళ్లుగా నేను తిట్టుకున్న మనిషి నా పరువు గోనె కింద దాచాడు. అంతకంటే నాలుగు మాటలు అన్నా నాకు బాగుండేది.

రెండు గంటలు కడిగాడు. నేను ఒక మోపెడ్ విప్పి కూర్చున్నాను. ఏం విప్పానో మళ్లీ ఎలా బిగించానో తెలియదు. నసీమ్ అతని స్టూలు మీద కూర్చుని ప్రతి పనీ చూస్తూ ఉంది. ఇది ఎందుకు, అది ఎందుకు అని అడుగుతోంది. నన్ను ఎప్పుడూ అడగలేదు. అడిగితే నేను చెప్పేవాణ్ణా.

రేడియేటర్ బిగించాక కన్నయ్య లేచి రోడ్డు అంచుకు వచ్చాడు. అందరికీ వినిపించేలా అడిగాడు. “ఖలీం భాయ్, దీంట్ల ఏం పొయ్యాలె?”

ఏం పోయాలో వాడికి తెలుసు. మే 3న వాడే నాకు చెప్పాడు. అయినా నన్ను అడిగాడు. నసీమ్ కూడా తల తిప్పి చూసింది.

“ట్రాక్టర్‌ది పచ్చది సగం, బ్యాటరీ నీళ్లు సగం. ఇంకేం ఎయ్యకు” అన్నాను.

“నడుస్తదా?”

“నడుస్తది. నేను చూసిన.”

జూన్ 16

ఏడింటికి పోయింది. కాగితం కొలతలు, కత్తెర, టేపు, నీళ్ల సీసాలు రెండు. తాళం తానే తీసింది, టైర్లలో గాలి తానే చూసుకుంది. జాగ్రత్త అన్నాను. ఊఁ అంది.

మధ్యాహ్నం గిన్నె మీద మూత తీసుకుని తిన్నాను. రెండింటికి మబ్బు పట్టి పెద్ద చుక్కలు పడ్డాయి. రోడ్డు మీద ఏ స్కూటర్ చప్పుడైనా లేచి చూశాను. వచ్చిన గిరాకీని రేపు రమ్మన్నాను.

ఆరుంపావుకు వచ్చింది. తడిసిపోయి ఉంది. కన్నయ్య షాపు ముందు ఆగి అతనితో ఏదో మాట్లాడి, తర్వాత ఇంటికి పోయింది. నేను వెనకే పోయాను. తల తుడుచుకుంటోంది. పద్దెనిమిది మంది వచ్చారట, ఇద్దరు ఇంద్రావతి అవతలి నుంచి వచ్చారట. వాళ్ల గురించి చాలా చెప్పింది, గోడకు చెప్పినట్టు చెప్పినా చెప్పింది. బండి గురించి మాత్రం ఒక్క మాట లేదు.

“ఎర్ర దీపం ఎలిగిందా?” అని అడిగాను.

“కన్నయ్యకు చెప్పిన” అంది.

చాయ్ పెట్టి ఆమె పక్కన ఉంచాను. తర్వాత షాపు మూసి వస్తానని చెప్పి బయటికి వచ్చి, నా షాపు దాటి రోడ్డు దాటాను. పదేళ్లలో ఆ మెట్టు ఎక్కడం ఇదే మొదలు. కన్నయ్య నన్ను చూసి, ఎందుకు వచ్చావని అడగకుండా, స్టూలు మీది గుడ్డ తీసి నా వైపు జరిపాడు.

“ఎలగలేదంట భాయ్” అన్నాడు.